ఓన్లీ: ఎప్పుడు వాడాలి, ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు వదిలెయ్యాలి

మొన్న వేసవిలో మా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి నా ఎదురుగానే కూర్చుని ఫోనులో ఇంటర్వ్యూ ఇచ్చింది. అవతల మాట్లాడుతున్నాయన మన దేశస్థుడు కాదు. చివర్లో, ఉద్యోగంలో ఎప్పుడు చేరగలవని అడిగాడు. పిల్ల ఉత్సాహంగా “ఐ కెన్ జాయిన్ నెక్స్ట్ మంత్ ఓన్లీ సర్” అంది. ఆమె మనసులో ఉన్న తెలుగు నాకు స్పష్టంగా వినిపించింది: “వచ్చే నెలలోనే చేరిపోతానండీ.” ఆలస్యం చెయ్యను, వెంటనే వచ్చేస్తాను అని చెప్పడం ఆమె ఉద్దేశం. ఆయనకి అర్థమైంది మాత్రం “వచ్చే నెల దాకా కుదరదు” అని. ఒక్క క్షణం ఆగి, “అంతకంటే ముందు వీలుపడదా?” అన్నాడు. ఆ అమ్మాయి తెల్లబోయింది. తొందరగా వస్తానంటే, ఇంకా ముందు రాలేవా అంటాడేమిటి?

మిగతా ఇంటర్వ్యూ అంతా ఆమె చక్కగానే మాట్లాడింది. క్రియలు సరిగ్గా వాడింది, ఉచ్చారణ బాగుంది. ఒక్క చిన్న మాట దగ్గర, చెప్పదలచుకున్నదానికి ఎదురు అర్థం వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఓన్లీని నేను విడిగా ఒక పాఠంలా చెప్తున్నాను. మనవాళ్ళు రోజుకి ఎన్నిసార్లు వాడతారో లెక్కలేని మాట ఇది. తెలుగు ఇంత బాగా వచ్చినవాళ్ళం కాబట్టే ఇక్కడ తడబడతాం. కారణం తెలుగులోనే ఉంది, మందు కూడా తెలుగులోనే దొరుకుతుంది.

మొదటి మెట్టు: ఓన్లీ చేసే పని ఏమిటో తెలుసుకోండి

ఓన్లీ పుట్టింది ‘వన్’ నుంచి. పాత ఇంగ్లీషులో ‘ఒకటి’ అనే మాటకి ‘లాంటిది’ అనే అర్థమిచ్చే తోక చేర్చి ఈ మాట తయారుచేసుకున్నారు. ‘వన్’ని కూడా ఒకప్పుడు ‘ఓన్’ అన్నట్టే పలికేవారు. తర్వాతెప్పుడో దానికి ముందు వకారం వచ్చి చేరింది. ‘ఓన్లీ’, ‘అలోన్’ అనే మాటల్లో మాత్రం ఆ పాత పలుకుబడి చెక్కుచెదరకుండా ఉండిపోయింది. మనం కూడా ఇదే పనికి ‘ఒక్క’ని వాడతాం కదా: “ఒక్క నువ్వే నిజం చెప్పావు.” ఈ సంగతి గుర్తుంటే ఓన్లీ అర్థం ఎప్పటికీ జారిపోదు. దాని గుండెలో ‘ఒకటి’ ఉంది.

అందుకే ఓన్లీ చేసే పని తలుపు మూయడం. “ఓన్లీ రవి కేమ్” అంటే రవి వచ్చాడని ఒక కబురు, మిగతావాళ్ళెవరూ రాలేదని ఇంకో కబురు. ఆ రెండో కబురు పైకి కనబడదు గానీ అసలు బరువంతా దానిదే. మీరు ఓన్లీ అన్నప్పుడల్లా ఎవరినో ఒకరిని, దేన్నో ఒకదాన్ని బయట నిలబెట్టి తలుపేస్తున్నారు.

దీనికి ఇంకో ఛాయ కూడా ఉంది: తక్కువ చేసి చెప్పడం. “ఇట్ ఈజ్ ఓన్లీ ఎ స్క్రాచ్” అంటే కాస్త గీరుకుంది, అంతే, కంగారు పడకండి అని. “ఓన్లీ టెన్ రుపీస్” అంటే పది రూపాయలేగా అని. ఇక్కడ మూస్తున్నది పై మెట్టు తలుపు. ఇంతే, ఇంతకు మించి లేదు అని.

నామవాచకం ముందు విశేషణంగా వచ్చే ఓన్లీ కూడా ఉంది. ఈ జంటను ఒకసారి నోటితో అని చూడండి. “షి ఈజ్ యాన్ ఓన్లీ చైల్డ్” అంటే ఆమె ఒక్కగానొక్క సంతానం. “షి ఈజ్ ఓన్లీ ఎ చైల్డ్” అంటే ఇంకా చిన్నపిల్లే, పోనీలెండి అని. ఆ ‘యాన్’ ముందుకొస్తే ఒక కుటుంబం కథ, ‘ఎ’ వెనక్కి పోతే ఒక పసిపిల్ల తప్పును క్షమించడం.

రెండో మెట్టు: ‘ఇంకెవరూ కాదు’ పరీక్ష పెట్టండి

ఓన్లీ నోటిదాకా వచ్చినప్పుడు, మీ మనసులో ఉన్న తెలుగు వాక్యం చివర ‘ఇంకెవరూ కాదు’, ‘ఇంకేదీ కాదు’, ‘ఇంకెక్కడా కాదు’, ‘అంతకు మించి లేదు’ — వీటిలో సరిపోయేదాన్ని చేర్చి చూసుకోండి. మీరు అనదలచుకున్నది అదే అయితే ఓన్లీ వాడొచ్చు. చేర్చగానే వాక్యం మీ ఉద్దేశం కాకుండా పోయిందా, అక్కడ ఓన్లీకి చోటు లేదు.

మన ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళ సీట్ల పైన రాసి ఉండే మాట అందరికీ కంఠతా వచ్చు: వారికి కేటాయించిన సీట్లలో వారినే కూర్చోనిద్దాం. ‘వారినే’, ఇంకెవరినీ కాదు. సరిగ్గా సరిపోయింది. ఇక్కడి ‘ఏ’ని ఇంగ్లీషులోకి తెస్తే ఓన్లీ అవుతుంది.

ఇప్పుడు ఫోనులో అమ్మ అడిగిందనుకోండి, “ఎక్కడున్నావురా?” అని. “ఇక్కడే ఉన్నానమ్మా” అంటారు. ఇక్కడే, ఇంకెక్కడా కాదు? మీరు చెప్పాలనుకున్నది అది కాదు. దగ్గర్లో ఉన్నాను, దూరం పోలేదు అని. పరీక్షలో తప్పింది. కాబట్టి “ఐ యామ్ హియర్ ఓన్లీ” అనక్కర్లేదు. ఇంగ్లీషులో దీనికి “ఐ యామ్ రైట్ హియర్” అని చక్కటి మాట ఉంది.

మూడో మెట్టు: మన ‘ఏ’ని పనులవారీగా విడదీయండి

తెలుగులో మాట చివర చేరే ‘ఏ’ ఒకే ఒక్క అచ్చు. అది చేసే పనులు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. తలుపు మూయడం వాటిలో ఒకటి. తక్కినచోట్ల అది ఒత్తి చెప్తుంది, గుర్తుపట్టి చూపిస్తుంది, తొందర చెప్తుంది, అంగీకరిస్తుంది. చిన్నప్పుడు మనకెవరో ‘ఏ అంటే ఓన్లీ’ అని ఒక్క సమానార్థం ఇచ్చేశారు. ఇన్ని పనులనీ పాపం ఆ ఒక్క మాట మీద మోపేశాం. హిందీలో ‘హీ’, తమిళంలో ‘తాన్’ కూడా ఇలాంటివే. దేశంలో ఏ మూలకి వెళ్ళినా “దేర్ ఓన్లీ”, “లైక్ దట్ ఓన్లీ” వినబడటానికి కారణం అదే.

నా అభిప్రాయం దాచుకోను. ఇద్దరు తెలుగువాళ్ళు ఆఫీసులో “హియర్ ఓన్లీ” అనుకుంటే ఎవరికీ నష్టం లేదు. అది మన భాషల నీళ్ళు తాగి పెరిగిన ఇంగ్లీషు, దాన్ని చూసి సిగ్గుపడక్కర్లేదు. కానీ అవతలి మనిషికి మన ‘ఏ’ తెలియనప్పుడు, ఉత్తరంలో, పరీక్షలో, ఇంటర్వ్యూలో, మీరు పంపిన అర్థం చేరదు. అందుకని రెండో దారి కూడా చేతిలో ఉండాలి.

ఆ దారి కోసం ‘ఏ’ పనులు ఒక్కొక్కటీ చూద్దాం.

గుర్తుపట్టి చూపించే ‘ఏ’. “వాడే తీశాడు.” దొంగ ఎవరో వేలు పెట్టి చూపిస్తున్నాం. ఇంగ్లీషులో దీనికి వాక్యాన్ని కాస్త తిప్పాలి: “హి ఈజ్ ద వన్ హూ టుక్ ఇట్” లేదా “ఇట్ వజ్ హిమ్.” “నేను అడిగింది ఇదే” అన్నా అంతే: “దిస్ ఈజ్ వాట్ ఐ ఆస్క్‌డ్ ఫర్.” ఈ ఒక్కటి అలవాటు చేసుకుంటే మీ మాటల్లోంచి సగం అనవసరపు ఓన్లీలు పోతాయని నా అనుభవం.

స్వయంగా అనే ‘ఏ’. “నేనే వండాను” అన్నప్పుడు గర్వం ఉంది చూడండి, అది ‘మైసెల్ఫ్’: “ఐ కుక్‌డ్ ఇట్ మైసెల్ఫ్.” “ఐ ఓన్లీ కుక్‌డ్ ఇట్” అన్నారో, కొంప మునిగింది. దానర్థం “నేను వండానంతే, తక్కిన పనులతో నాకు సంబంధం లేదు” అని. విందు బాగుందని మెచ్చుకున్న అతిథికి చేతులు దులుపుకున్నట్టు జవాబు చెప్పినవాళ్ళమవుతాం.

ఇప్పుడు, ఇంతలో అనే ‘ఏ’. “ఇప్పుడే వచ్చాను” అంటే “ఐ హావ్ జస్ట్ కమ్.” “అప్పుడే తినేశావా?” అంటే “హావ్ యు ఈటెన్ ఆల్రెడీ?” ఈ రెంటిలోనూ ఓన్లీ లేదు. ‘జస్ట్’, ‘ఆల్రెడీ’ ఈ పనికి పుట్టిన మాటలు. “వెళ్ళగానే ఫోన్ చెయ్యి”లో ఉన్న ‘ఏ’కి ‘యాజ్ సూన్ యాజ్’.

తొందర చెప్పే ‘ఏ’. మన అమ్మాయి జారిపడింది ఇక్కడే. “వచ్చే నెలలోనే”, “రేపే”, “ఈ వారంలోనే” అన్నప్పుడు మన గొంతులో అంత త్వరగా అన్న భావం ఉంటుంది. ఇంగ్లీషు ఓన్లీని రాబోయే కాలం ముందు పెడితే సరిగ్గా ఎదురు దిక్కు: అంత ఆలస్యంగా అని. తొందర చెప్పాలంటే ‘యాజ్ ఎర్లీ యాజ్ నెక్స్ట్ మంత్’ అనాలి. “రేపే ఇచ్చేస్తాను” అన్న మాట నమ్మకంగా వినిపించాలంటే “యు విల్ హావ్ ఇట్ బై టుమారో” అనండి. ఈ పేరాని రెండుసార్లు చదవండి. తక్కిన చాలాచోట్ల ఓన్లీ ఎక్కువైతే వాక్యం వికారంగా ఉంటుంది, అంతే. ఇక్కడైతే మాట తలకిందులవుతుంది.

ఒప్పుకునే ‘ఏ’. “బాగానే ఉంది”, “నిజమే”, “మంచివాడే.” ఈ ‘ఏ’ వెనక ఒక చిన్న ‘కానీ’ దాగి ఉంటుంది. “ఇట్ ఈజ్ ఆల్‌రైట్”, “ట్రూ ఇనఫ్”, “హి ఈజ్ నైస్ ఇనఫ్” అంటే ఆ సగం మెప్పు కూడా సరిగ్గా దిగుతుంది. “గుడ్ ఓన్లీ” అంటే దిగదు.

క్రియను రెట్టించే ‘ఏ’. “చెప్పనే చెప్పాను కదా!” దీనికి ఇంగ్లీషులో ‘డిడ్’ని ఒత్తి పలకాలి: “ఐ డిడ్ టెల్ యు!” “లేనే లేదు” అంటే ‘ఎట్ ఆల్’ తోడవుతుంది: “దేర్ ఈజ్ నన్ ఎట్ ఆల్.”

ఒకే వాక్యంలో తలుపు మూసే ‘ఏ’, గుర్తుపట్టి చూపించే ‘ఏ’ పక్కపక్కన కనబడే చోటు ఒకటి చూపిస్తాను. 1933 మార్చి 4న అమెరికా అధ్యక్షుడిగా ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రమాణం చేసి మాట్లాడారు. దేశం ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయి, బ్యాంకులు మూతపడుతున్న రోజులవి. ఆయనన్నారు: “ద ఓన్లీ థింగ్ వి హావ్ టు ఫియర్ ఈజ్ ఫియర్ ఇట్‌సెల్ఫ్.” తెలుగులో అనుకుంటే, మనం భయపడాల్సింది ఒక్కదానికే, ఆ భయానికే. మనకి రెండుచోట్లా ‘ఏ’ వచ్చింది. ఇంగ్లీషులో మొదటిచోట ఓన్లీ, ఎందుకంటే అక్కడ తలుపు మూస్తున్నారు: ఇంకే దానికీ భయపడక్కర్లేదు. రెండోచోట ‘ఇట్‌సెల్ఫ్’, ఎందుకంటే అక్కడ వేలు పెట్టి చూపిస్తున్నారు: ఇదిగో, అది ఈ భయమే. ఆ రెండో చోట ఓన్లీ పెట్టి చదివి చూడండి, వాక్యం కుంటుతుంది.

నాలుగో మెట్టు: తోక నుంచి తలకి మార్చండి

పరీక్షలో నెగ్గింది, ఓన్లీ వాడాలని తేలింది. మరి ఎక్కడ పెట్టాలి?

మన ‘ఏ’ ఏ మాటను ఒత్తుతుందో ఆ మాట తోకకి అతుక్కుంటుంది. ఇంగ్లీషు ఓన్లీ ఏ మాటను పట్టుకుంటుందో ఆ మాటకి ముందు నిలబడుతుంది. ‘రవికే’ అన్న చోట ‘ఓన్లీ టు రవి’. ‘టు రవి ఓన్లీ’ అని మనకి అలవోకగా వచ్చేది తెలుగు తోక వల్లే.

ఒక వాక్యం తీసుకుందాం: నిన్న లక్ష్మి రవికి పుస్తకం ఇచ్చింది. తెలుగులో ‘ఏ’ని ఒక్కో మాటకీ తగిలిస్తూ పోదాం, పక్కనే ఇంగ్లీషులో ఓన్లీని జరుపుదాం.

లక్ష్మే ఇచ్చింది, ఇంకెవరూ ఇవ్వలేదు: “ఓన్లీ లక్ష్మి గేవ్ ద బుక్ టు రవి ఎస్టర్డే.”

పుస్తకమే ఇచ్చింది, పెన్ను ఇవ్వలేదు: “లక్ష్మి గేవ్ ఓన్లీ ద బుక్ టు రవి ఎస్టర్డే.”

రవికే ఇచ్చింది: “లక్ష్మి గేవ్ ద బుక్ ఓన్లీ టు రవి ఎస్టర్డే.”

నిన్ననే ఇచ్చింది, అంతకుముందు కాదు: “లక్ష్మి గేవ్ ద బుక్ టు రవి ఓన్లీ ఎస్టర్డే.”

తెలుగులో మాటల వరస ఎలా మార్చినా ‘ఏ’ తన మాటని వదలదు కాబట్టి అర్థం చెదరదు. ఇంగ్లీషులో ఓన్లీ జరిగితే అర్థమూ దాంతోనే జరుగుతుంది. దీన్ని కాగితం మీద మీ ఇంట్లోవాళ్ళ పేర్లతో రాసుకుని చూడండి. చదివితే వచ్చేదానికంటే చేత్తో జరిపితే బాగా పడుతుంది.

ఇంకో చోటు మిగిలింది, క్రియకి ముందు: “లక్ష్మి ఓన్లీ గేవ్ ద బుక్ టు రవి.” ఇంగ్లీషువాళ్ళు మాట్లాడేటప్పుడు ఎక్కువగా పెట్టేది ఇక్కడే. ఓన్లీని క్రియ ముందు పడేసి, ఏ మాటకి వర్తిస్తుందో ఆ మాటను గొంతుతో ఒత్తుతారు. ‘రవి’ని ఒత్తితే రవికే అని, ‘బుక్’ని ఒత్తితే పుస్తకమే అని. వ్యాకరణకర్తలు దీన్ని ఊరికే వదల్లేదు. 1760ల్లో రాబర్ట్ లోత్ ఓన్లీని సరైన మాట పక్కనే పెట్టాలని పట్టుబట్టాడు. 1926లో హెచ్. డబ్ల్యూ. ఫౌలర్, అర్థం స్పష్టంగా ఉన్నంతవరకు క్రియ ముందు పెట్టినా దోషం లేదని వాదించాడు. నేను ఫౌలర్ పక్షమే, కానీ మాట్లాడేటప్పుడు. కాగితానికి గొంతు లేదు. రాసేటప్పుడు ఓన్లీని దాని మాట ముందే పెట్టండి, ముఖ్యంగా డబ్బు, తేదీలు, షరతులు ఉన్నచోట.

క్రియ దగ్గర పెట్టాల్సి వస్తే చిన్న లెక్క ఉంది. ‘ఈజ్, ఆర్, వజ్’ ఒంటరిగా ఉంటే వాటి తర్వాత: “షి ఈజ్ ఓన్లీ ఎ చైల్డ్.” ‘హావ్, కెన్, విల్’ లాంటి సహాయక క్రియ ఉంటే దానికీ అసలు క్రియకీ మధ్య: “ఐ కెన్ ఓన్లీ ట్రై.” సహాయక క్రియ లేకపోతే అసలు క్రియ ముందు: “ఐ ఓన్లీ బారోడ్ ఇట్”, అరువు తెచ్చుకున్నానంతే.

ఐదో మెట్టు: మాత్రం, మాత్రమే — ఈ రెంటినీ కలపకండి

‘మాత్ర’ అంటే కొలత. ఛందస్సులో మాత్ర అదే, వైద్యుడిచ్చే మాత్రా అదే. ‘మాత్రమే’ అంటే ఆ కొలతే, దాటి లేదు. ఇది నిజమైన ఓన్లీ. ‘మాత్రం’ వేరు. “అందరూ వెళ్తున్నారు. నేను మాత్రం రాను.” దీన్ని “ఓన్లీ ఐ విల్ నాట్ కమ్” అని తర్జుమా చేస్తుంటారు. ఆ ఇంగ్లీషుకి అర్థం, రానివాణ్ణి నేనొక్కణ్ణే అని. తెలుగు వాక్యంలో ఇంకొకరు రాకపోయినా ఫర్వాలేదు, నా సంగతి నేను తేల్చి చెప్తున్నాను. “యాజ్ ఫర్ మి, ఐ యామ్ నాట్ కమింగ్” అనాలి, లేదా ‘ఐ’ని ఒత్తి “బట్ ఐ యామ్ నాట్ కమింగ్” అంటే చాలు.

ఆరో మెట్టు: ‘గానీ’ ఉన్నచోట ఓన్లీని గుర్తుపట్టండి

ఇప్పటిదాకా అనవసరపు ఓన్లీలను తీసేశాం. ఇది దానికి ఎదురు. ఓన్లీ రావాల్సిన చోట మనవాళ్ళు మర్చిపోయే సందర్భం. “డాక్టరుగారు ఆరింటికి గానీ రారు.” ఎంత అందమైన వాక్యమో చూడండి. వచ్చేది ఆరింటికని, అంతకుముందు వెళ్ళి కూర్చోవద్దని రెండూ చెప్పేసింది. ఇంగ్లీషులో సరిగ్గా ఈ పని ఓన్లీ చేస్తుంది: “ద డాక్టర్ కమ్స్ ఓన్లీ ఎట్ సిక్స్.” లేదంటే ‘నాట్ అంటిల్ సిక్స్’. మన అమ్మాయి ‘నెక్స్ట్ మంత్ ఓన్లీ’ అన్నప్పుడు అవతలాయనకి వినబడింది ఈ ‘గానీ’నే. వచ్చే నెలకి గానీ రాను అని.

ఇంకొంచెం ముందుకి వెళ్దాం. “వానలొచ్చాక గానీ ఊరు చల్లబడలేదు.” ఇక్కడ ఓన్లీ భాగాన్ని వాక్యం మొదటికి తెస్తే, వెనకభాగంలో వరస ప్రశ్నలో లాగా తిరగబడుతుంది: “ఓన్లీ ఆఫ్టర్ ద రెయిన్స్ కేమ్ డిడ్ ద టౌన్ కూల్ డౌన్.” ‘డిడ్’ ఎక్కడ చేరిందో గమనించండి. వానల పక్కన చేరలేదు, ఊరి పక్కన చేరింది. చాలామంది మొదటి భాగంలోనే తిప్పేసి పడతారు. “ఓన్లీ దెన్ డిడ్ ఐ అండర్‌స్టాండ్” అని ఒక చిన్న వాక్యం కంఠతా పట్టుకోండి, పెద్దవాటికి అదే అచ్చు. అయితే ఓన్లీ కర్తను పట్టుకుంటే ఏమీ తిరగదు: “ఓన్లీ రవి నోస్.” కాలం, చోటు, షరతు ముందుకొస్తేనే తిరుగుతుంది.

‘నాట్ ఓన్లీ’ మొదట వచ్చినా ఇదే నియమం: “నాట్ ఓన్లీ డిడ్ హి సింగ్, హి ఆల్సో డాన్స్‌డ్.” పాడటమే కాదు, ఆడాడు కూడా. వాక్యం మధ్యలో వాడితే తిప్పక్కర్లేదు గానీ రెండు పక్కలా ఒకే రకం మాటలుండాలి: ‘నాట్ ఓన్లీ ఎ పోయెట్ బట్ ఆల్సో ఎ సింగర్’. త్రాసు రెండు పళ్ళాల్లోనూ నామవాచకాలే ఉన్నాయి కదా.

ఏడో మెట్టు: జంటగా వచ్చేవి

‘ఓన్లీ ఇఫ్’ అంటే మన ‘-తేనే’. “నువ్వొస్తేనే నేనొస్తా”: “ఐ విల్ కమ్ ఓన్లీ ఇఫ్ యు కమ్.” దీన్ని తిప్పి ‘ఇఫ్ ఓన్లీ’ అంటే షరతు పోయి నిట్టూర్పు మిగులుతుంది: “ఇఫ్ ఓన్లీ హి వర్ హియర్”, ఆయన ఇప్పుడుంటే ఎంత బాగుండేది. రెండు మాటలు చోట్లు మార్చుకుంటే ఒప్పందం కాస్తా బెంగ అయిపోతుంది.

‘ఓన్లీ టూ’ వింటే మనకి కంగారు. “ఐ విల్ బి ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్” అంటే తగ్గించి చెప్పడం కాదు, అంతకంటేనా, సంతోషంగా చేస్తాను అని. ‘ఓన్లీ జస్ట్’ అంటే ఇప్పుడిప్పుడే, లేదా బొటాబొటిగా. “యు ఓన్లీ హావ్ టు ఆస్క్” అంటే అడిగితే చాలు. ‘ఓన్లీ టు ఫైండ్’ కథ చెప్పేటప్పుడు వస్తుంది: “హి రాన్ టు ద స్టేషన్, ఓన్లీ టు ఫైండ్ ద ట్రైన్ గాన్.” పరుగెత్తుకుంటూ వెళ్ళాడు, తీరా చూస్తే బండి వెళ్ళిపోయింది. ఆ ‘తీరా చూస్తే’నే ఓన్లీ.

ఎనిమిదో మెట్టు: చివర నిలబడే హక్కున్న ఓన్లీలు

అన్ని నియమాలకీ పక్కన, ఓన్లీ దర్జాగా తోకలో నిలబడే చోట్లు కొన్ని ఉన్నాయి. బోర్డులు: ‘లేడీస్ ఓన్లీ’, ‘స్టాఫ్ ఓన్లీ’. చెక్కు ఎడమ మూల రెండు గీతల మధ్య రాసే ‘అకౌంట్ పేయీ ఓన్లీ’.

అన్నిటికంటే ముఖ్యం చెక్కు మీద అంకెను అక్షరాల్లో రాసే వరస. మా నాన్నగారు ఆ వరస రాసేటప్పుడు నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి. గీత మొదట్లో ఒక్క అక్షరం పట్టే జాగా కూడా వదలకుండా ‘ఫైవ్ థౌజండ్’ అని మొదలుపెట్టి, వెంటనే ‘ఓన్లీ’ రాసి, మిగిలిన ఖాళీ మీదుగా పెన్ను ఎత్తకుండా ఒక గీత లాగేవారు. ఆ ఓన్లీ లేకపోతే ఐదువేల వెనక ఎవరైనా ‘ఫైవ్ హండ్రెడ్’ తగిలించొచ్చు. ప్రామిసరీ నోట్లలో ‘అక్షరాలా ఐదువేల రూపాయలు మాత్రమే’ అని ముగించేదీ అందుకే. ఓన్లీ అంటే తలుపు మూయడమని మొదట్లో అన్నాను కదా, ఇక్కడ ఆ తలుపుకి నిజంగానే గొళ్ళెం పడుతోంది.

తొమ్మిదో మెట్టు: ఒక ఉత్తరాన్ని బాగుచేద్దాం

ఇప్పుడు నేర్చుకున్నదంతా ఒకచోట వాడదాం. తరగతిలో అభ్యాసానికి నేనిచ్చే సెలవు చీటీ ఇది:

“సర్, ఎస్టర్డే ఓన్లీ వి అడ్మిటెడ్ మై గ్రాండ్‌మదర్ ఇన్ హాస్పిటల్. మై మదర్ ఈజ్ స్టేయింగ్ దేర్ ఓన్లీ. మై బ్రదర్ ఈజ్ స్మాల్ ఓన్లీ. ఐ ఓన్లీ హావ్ టు కుక్. ఐ వాంట్ లీవ్ ఫర్ టూ డేస్ ఓన్లీ. ఐ విల్ టేక్ ద టెస్ట్ ఆన్ మండే ఓన్లీ.”

వరసగా పరీక్ష పెడదాం. ‘నిన్ననే’: మొన్నటిదాకా బాగానే ఉంది, ఇంత ఈమధ్య జరిగింది అని ఉద్దేశం. ఇది నెగ్గుతుంది, తోక నుంచి తలకి మారిస్తే చాలు: ‘ఓన్లీ ఎస్టర్డే’. ‘జస్ట్ ఎస్టర్డే’ అన్నా బాగుంటుంది.

‘అక్కడే ఉంటోంది’: ఇంకెక్కడా ఉండదనా? కాదు, అవ్వ పక్కనే ఉంటోంది అని. “మై మదర్ ఈజ్ స్టేయింగ్ విత్ హర్.” ఓన్లీ తీసేయండి. ‘చిన్నవాడే’: నెగ్గుతుంది, తక్కువ చేసి చెప్పే ఛాయ. కానీ ‘స్మాల్’ కంటే వయసు చెప్తే బలం: “మై బ్రదర్ ఈజ్ ఓన్లీ సిక్స్.”

‘నేనే వండాలి’: ఇక్కడ ఆగండి. “ఐ ఓన్లీ హావ్ టు కుక్” అంటే వండితే చాలు, ఇంకేం పని లేదు అని. సెలవు అడిగేవాళ్ళు రాయాల్సిన మాటేనా? ఇంట్లో వండటానికి ఇంకెవరూ లేరన్నది అసలు ఉద్దేశం: “దేర్ ఈజ్ నో వన్ ఎల్స్ టు కుక్.” ఓన్లీ లేకుండానే తలుపు మూసుకుంది.

‘రెండు రోజులే’: నిక్షేపంలాంటి ఓన్లీ, ముందుకి తెండి. ‘సోమవారమే’: వాయిదా వెయ్యను, రాగానే రాసేస్తాను అనే తొందర. ఇంటర్వ్యూలో అమ్మాయి జారిన మెట్టు ఇదే. “ఫస్ట్ థింగ్ ఆన్ మండే” అనండి.

చీటీ ఇప్పుడిలా ఉంటుంది:

“సర్, మై గ్రాండ్‌మదర్ వజ్ అడ్మిటెడ్ టు హాస్పిటల్ ఓన్లీ ఎస్టర్డే. మై మదర్ ఈజ్ స్టేయింగ్ విత్ హర్. మై బ్రదర్ ఈజ్ ఓన్లీ సిక్స్, అండ్ దేర్ ఈజ్ నో వన్ ఎల్స్ టు కుక్. ఐ నీడ్ ఓన్లీ టూ డేస్. ఐ విల్ టేక్ ద టెస్ట్ ఫస్ట్ థింగ్ ఆన్ మండే.”

ఆరు ఓన్లీల్లో మూడు మిగిలాయి. ఆ మూడింటినీ వేలితో చూపించి, ఒక్కొక్కటీ దేన్ని బయట నిలబెడుతోందో పైకి చెప్పమని మా పిల్లల్ని అడుగుతాను. మీరూ చెప్పి చూడండి.